లమస్సిగారి బాకీ

ఇవ్వవలసినవాళ్ళు దర్జాగా కాలు మీద కాలేసుకుని కూచుంటారు. రావలసినవాళ్ళే గుమ్మం దగ్గర తటపటాయిస్తారు. "అబ్బే, దాని కోసం రాలేదండీ, ఇటుగా వెళ్తూ..." అని మొదలుపెట్టి, వానలూ, పెళ్ళి సంబంధాలూ, మోకాళ్ళ నొప్పులూ అన్నీ మాట్లాడేశాక, చెప్పులు తొడుక్కుంటూ అసలు సంగతి గొణుగుతారు. చీరలకి ఫాల్స్ కుట్టి, కొంగులకి కుచ్చులు కట్టి దుకాణాలకి ఇచ్చే పని పెట్టుకున్న పన్నెండేళ్ళలో ఈ గొణుగుడు విద్యలో నాకు డాక్టరేటు రావలసింది. ఒక దుకాణం వారైతే (పేరెందుకు లెండి) దసరాకి ఇచ్చిన బిల్లుకి సంక్రాంతి నాడు కూడా "అలా బల్ల మీద పెట్టి వెళ్ళండమ్మా" అంటారు.

మన పూర్వులు ఈ బాకీలు ఎలా రాబట్టుకునేవారో చూద్దామని పుస్తకాలు తిరగేశాను. మగవాళ్ళ పద్ధతులు కాస్త మొరటుగానే ఉన్నాయి సుమండీ.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో అయిదు దారులున్నాయి. మంచిగా ధర్మం చెప్పడం, వ్యవహారానికి వెళ్ళడం, ఏదో ఉపాయం పన్నడం, ఆచారం ప్రకారం నడుచుకోవడం, చివరికి బలప్రయోగం. ఆ నాలుగోదానికి కొందరు వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం, బాకీదారు గుమ్మంలో తిష్ఠ వేసి కూర్చోవడం. అదే ధర్నా. ఇప్పుడు కలెక్టరాఫీసు ముందు శామియానా వేసి, మైకు పెట్టి చేసేది కాదు. అప్పిచ్చినవాడు అన్నం మానేసి వాకిట్లో కూర్చుంటే లోపలివాళ్ళు కూడా ముద్ద ముట్టడానికి లేదు. అతను కూర్చున్న చోటే ప్రాణం విడిస్తే ఆ పాపం ఇంటివాళ్ళకి చుట్టుకుంటుంది. ఈ బాధ ఎంత ముదిరిందంటే, 1860 నాటి భారత శిక్షాస్మృతి 508వ సెక్షన్లో దైవకోపం పేరు చెప్పి బెదిరించడానికి ఉదాహరణగా ధర్నానే చూపించారు. 2024 జూలైలో కొత్త చట్టం వచ్చేదాకా ఆ సెక్షను పుస్తకంలో ఉంది. అంతా బాగానే ఉంది గానీ, పొయ్యి మీద అన్నం ఉడికిపోతూ ఉంటే పిల్లలకి పెట్టడానికి లేక నిలబడ్డ ఆ ఇంటి ఇల్లాలి సంగతి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు!

మార్కో పోలో చెప్పిన పద్ధతి ఇంతకన్నా ముచ్చటగా ఉంటుంది. పదమూడో శతాబ్దం చివర మన తూర్పు తీరానికి వచ్చాడాయన. మన మోటుపల్లి గురించీ రాశాడు, అక్కడి సాలెగూడు లాంటి సన్నని నూలు బట్టల్ని మెచ్చుకున్నాడు. అక్కణ్ణించి దక్షిణాన, తమిళ తీరంలో చూసిన వింత ఇది. అడిగి అడిగి విసిగిపోయిన రుణదాత బాకీదారు చుట్టూ నేల మీద ఒక గీత గీసేవాడట. డబ్బు చెల్లించేదాకా, లేకపోతే తగిన హామీ ఇచ్చేదాకా అతను ఆ గీత దాటకూడదు. దాటితే శిక్ష. ఒక విదేశీ వర్తకుడు ఏకంగా గుర్రం మీదున్న రాజుగారి చుట్టూనే గీశాడనీ, రాజుగారు బాకీ తీరేదాకా గుర్రాన్ని కదపలేదనీ, అది తాను కళ్ళారా చూశాననీ చెప్పాడు. లక్ష్మణరేఖ మనకి కొత్త కాదు గానీ, వసూళ్ళకి పనికొచ్చే లక్ష్మణరేఖ భలే కదూ!

మన కాలంలో ఆ గీత కాగితం మీద గీశారు. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, సరుకు పుచ్చుకున్నవాళ్ళు 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. చక్కని చట్టమే. కాని వచ్చేవారం మళ్ళీ నలభై చీరలు పంపవలసిన దుకాణం మీదే ఫిర్యాదు ఎలా చేస్తాం చెప్పండి? డబ్బూ రావాలి, మాటా పోకూడదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కులో నాకన్నా ముందు పడ్డావిడ ఒకరు దొరికారు. పేరు లమస్సి. సుమారు 3,900 ఏళ్ళ కిందటి మనిషి. ఇప్పటి ఇరాక్‌లో టైగ్రిస్ నది ఒడ్డున ఉన్న అస్సూర్ ఆవిడ ఊరు. భర్త పూషుకెన్ అక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి టర్కీలోని కానేష్‌లో వ్యాపారం చేసేవాడు. గాడిదల మీద తగరమూ బట్టలూ అటు వెళ్ళేవి, వెండీ బంగారమూ ఇటు రావాలి. ప్రయాణం ఆరువారాలు. చలికాలంలో మంచు పడి కనుమలు మూసుకుపోతే అది కూడా లేదు.

లమస్సి ఇంట్లో ఆడపిల్లల్నీ పనివాళ్ళనీ కూర్చోబెట్టి ఉన్ని బట్టలు నేయించి పంపేది. ఆ వెండితోనే మళ్ళీ ఉన్ని కొనాలి, ఇల్లు గడవాలి, పన్నులు కట్టాలి. ఆ రోజుల్లో ఉత్తరమంటే తడి మట్టి పలక మీద నొక్కిన గీతలు, దానికి మట్టితోనే కవరు. కానేష్ ఇళ్ళల్లో అలాంటి పలకలు ఇరవై వేలకు పైగా దొరికాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. పండితులు చదివి పెట్టబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇంత ఇంటి గుట్టు మనకెలా తెలుస్తుంది!

లమస్సి ఉత్తరాలు చదువుతుంటే మన పక్క వాటాలోంచి మాటలు వినిపిస్తున్నట్టే ఉంటుంది. ముందు లెక్క: ఫలానా అతనితో తొమ్మిది బట్టలు పంపాను, ఇంకో అతనితో మూడు, మరొకతను అసలు పట్టుకెళ్ళనే అన్నాడు. తరవాత నిష్ఠూరం: బట్టలు బాగుండడం లేదని మాటిమాటికీ రాస్తావేం, నీ ఇంట్లో చేరి నా నేతకి వంకలు పెడుతున్న ఆ పెద్దమనిషి ఎవరు? నేనైతే ప్రతి మూటకీ నీకు ఏదో కాస్త లాభం రావాలనే అవస్థ పడుతున్నాను! (సరుకులో వంక చూపించి బిల్లు తగ్గించడం కూడా అప్పటిదేనన్నమాట.) ఇంకో ఉత్తరంలో, నువ్వు వెళ్ళాక షలిమహుమ్ రెండు ఇళ్ళు కట్టాడు, మనం ఎప్పుడు కడతామని అడిగి, ఆ పక్కనే, ఇదివరకు అస్సూర్‌మాలిక్ తెచ్చిన బట్టల తాలూకు వెండి పంపలేవా అంటుంది. ఎదుటివాళ్ళ ఇంటి గొడవలోంచి మన బాకీలోకి దిగడం! చెప్పులు తొడుక్కుంటూ అడగడమంటే ఇదే కాదుటండీ?

అందరూ ఇంత మెత్తగా రాయలేదు. తారమ్‌కూబి అనే ఆవిడ భర్తని కడిగిపారేసింది. ఇంట్లో వెండి అంతా ఊడ్చుకుపోయావు, ఊళ్ళో కరువొచ్చింది, ఒక్క తులమైనా లేదు, పైగా నేను దుబారా మనిషినని రాస్తావా అంది. ఆవిడంటే నాకు గౌరవమే గానీ, దుకాణదారుకి అలా రాసే గుండె ధైర్యం నాకు లేదు.

ఈ ఉత్తరాల్లో అడిగిన పని త్వరగా చెయ్యమని బతిమాలేందుకు ఒక మాట ఉండేది: అప్పూతుమ్. దయచేసి, జరూరుగా అని అర్థం. మన అప్పుకీ దానికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా ఆ మాట చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నా బిల్లుల కింద "దయచేసి త్వరగా" అని నేను రాసేదీ అదేగా.

ఇంతకీ వెండి పంపాడా లేదా? బట్టలకి వెండి ముట్టినట్టు చెప్పే ఉత్తరాలు ఆ పలకల్లో చాలానే ఉన్నాయి. కాని ఆ అస్సూర్‌మాలిక్ తెచ్చిన మూట సంగతి నేను చదివినంతలో ఎక్కడా తేలలేదు. ఆయన జవాబులు చేరింది అస్సూర్‌లోని ఇంటికి, అక్కడ ఆనాటి ఇళ్ళు కానేష్‌లోలా తవ్వి చూసింది లేదు. మనకి దొరికినవన్నీ కానేష్‌లో ఆయన దాచుకున్న ఆవిడ ఉత్తరాలు. ఎంతసేపూ ఆవిడ అడుగుతూనే ఉంటుంది.