అటక మీద తాతల నాటి ‘త్రీ నాట్ త్రీ’.. అమ్మితే ఎంతొస్తుంది? ధర తేల్చేవి ఇవే!

అనకాపల్లి: పెద్దాయన పోయాక ఇల్లు సర్దుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన పాత మిలటరీ రైఫిల్ బయటపడిందనుకోండి. చాలామంది ముందు చేసే పని ఫోన్ తీసి రేటు వెతకడం. అమెరికా సైట్లలో అచ్చం అలాంటిదే కనిపిస్తుంది, కొన్ని వందల డాలర్లు అని ఉంటుంది. దాన్ని రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోతారు. ఆ లెక్క ఇక్కడ చెల్లదు. మన దేశంలో పాత సైనిక తుపాకీకి మొదట ధర కట్టేది చట్టం. ఇనుము, చెక్క, చరిత్ర అన్నీ ఆ తర్వాతే.

బోరు ఏంటి? అదే మొదటి ప్రశ్న

మన దగ్గర బయటపడే పాత సైనిక రైఫిళ్లలో బాగా తెలిసిన పేరు లీ ఎన్‌ఫీల్డ్. 1907లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన మోడల్ ఇది. బరువు దాదాపు 4 కిలోలు, మ్యాగజైన్‌లో 10 తూటాలు. తూటా సైజు .303 కాబట్టి పోలీసుల నోట ‘త్రీ నాట్ త్రీ’ అయింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో దీనికి వీడ్కోలు పలికారంటే ఎంతకాలం నడిచిందో చూడండి.

చిక్కల్లా ఆ నంబర్‌తోనే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం .303, 7.62 ఎంఎం సర్వీస్ తూటాలు పేలే రైఫిళ్లు ‘నిషేధిత బోరు’ కిందకి వస్తాయి. జిల్లా కలెక్టర్ ఇచ్చే మామూలు లైసెన్స్ వీటికి సరిపోదు, కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి. అలాంటి లైసెన్స్ ఉన్నవాళ్లు చాలా తక్కువ. అంటే కొనేవాళ్లూ తక్కువే. కొనేవాడు లేని సరుక్కి ధర ఎక్కడిది? లైసెన్సే లేకుండా ఇంట్లో ఉంచుకుంటే పరిస్థితి ఇంకా ఘోరం. 2019 సవరణ తర్వాత నిషేధిత ఆయుధానికి శిక్ష కనీసం 7 ఏళ్ల జైలు, గరిష్ఠంగా 14 ఏళ్లు.

చూడ్డానికి త్రీ నాట్ త్రీలాగే ఉండే ఇంకో రకం ఉంది. బ్రిటిష్ హయాంలో పోలీసులకు, జైలు కాపలాదారులకు ఇచ్చేందుకు పాత రైఫిళ్లను .410 మస్కెట్లుగా మార్చారు. ఒక్కో తూటా పెట్టి కాల్చాలి. ‘ఇది మామూలు గుళ్ల తుపాకీలే’ అనుకుంటే పొరపాటే, అదీ నిషేధిత జాబితాలోనే ఉంది.

అదే .315 బోరు అయితే కథ మారిపోతుంది. లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి బోల్ట్‌తోనే మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు తయారుచేసిన స్పోర్టింగ్ రైఫిల్ అది. సాధారణ లైసెన్స్ చాలు. కొనేవాళ్లు ఉంటారు, ధరా ఉంటుంది. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో, సాధారణ లైసెన్స్‌కు సరిపడే పాత విదేశీ రైఫిళ్లకైతే ఇక్కడ గిరాకీ మరీ ఎక్కువ. విచిత్రం ఏంటంటే.. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన రైఫిల్ బోరు వల్ల దాదాపు సున్నా దగ్గర నిలబడితే, యుద్ధం ముఖమే చూడని వేట తుపాకీ మంచి ధర పలుకుతుంది.

ఇక నాటు తుపాకీ దొరికితే విలువ మాటే వద్దు. అది ఆస్తి కాదు, కేసు.

కాగితం లేకపోతే రైఫిలే లేదు

లైసెన్స్ పెద్దాయన పేరు మీద ఉంటే, ఆయన మరణంతో వారసులకు అది దానంతటదే రాదు. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా తుపాకీని పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. ఆ తర్వాత వారసుల్లో ఒకరు తన పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవారికి అమ్ముకోవచ్చు. గడువు దాటినా పట్టించుకోకపోతే ప్రభుత్వం జప్తు చేసుకుంటుంది. పంపకాల్లో ‘తుపాకీ పెద్దోడికి, బదులుగా చిన్నోడికి ఇంత’ అని ముందే రాసేసుకునే ఇళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పెద్దోడికి లైసెన్స్ రాకపోతే ఆ పంపకం మొత్తం తలకిందులవుతుంది. పైగా 2019 సవరణతో ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి.

మాజీ సైనికాధికారి ఇల్లయితే పాత ఫైళ్లు జాగ్రత్తగా వెతకాలి. సైన్యంలో వాడకం ఆగిన రకం తుపాకులను అధికారులకు జబల్‌పూర్ సెంట్రల్ ఆర్డినెన్స్ డిపో నుంచి కేటాయించే పద్ధతి ఉంది. ఆ కేటాయింపు కాగితం దొరికితే తుపాకీ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే ఉండదు.

ఇనుము చెప్పే సంగతులు

బెల్లం మార్కెట్‌లో దిమ్మ రంగు చూసి రేటు చెప్పేస్తారు. రైఫిల్ దగ్గర ఆ పద్ధతి పనికిరాదు. పైకి నిగనిగలాడేదే తక్కువ విలువది కావచ్చు.

ముందుగా ముద్రలు. బోల్ట్ వెనక, చెక్క బట్ మొదలయ్యే చోట ఇనుప పట్టీ మీద కిరీటం, ‘జీఆర్‌ఐ’ అక్షరాలు, ఇషాపూర్ పేరు, సంవత్సరం ఉంటే అది బ్రిటిష్ కాలంలో బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. స్వాతంత్ర్యం తర్వాతి వాటి మీద ‘ఆర్‌ఎఫ్‌ఐ’ అని ఉంటుంది. లిత్‌గో అని ఉంటే ఆస్ట్రేలియాది, లాంగ్ బ్రాంచ్ అయితే కెనడాది. చిన్నపెట్టెలాంటి 12 తూటాల మ్యాగజైన్ కనిపిస్తే అది 1960ల నాటి 7.62 ఎంఎం ఇషాపూర్ కావచ్చు. అదే రకాన్ని అమెరికా సేకరణకర్తలు సర్‌ప్లస్ కింద ఎగబడి కొన్నారు.

తర్వాత నంబర్లు. బ్యారెల్ మొదట్లో, బోల్ట్ పిడి మీద, ముందు కొసన ఒకే నంబర్ ఉంటే భాగాలన్నీ ఒకే తుపాకీవని అర్థం. బోల్ట్ నంబర్ వేరైతే విలువ తగ్గుతుంది, కాల్చడమూ ప్రమాదమే.

మూడోది బ్యారెల్ లోపల. మెలికల గాడులు పదునుగా ఉన్నాయా, తుప్పు తినేసిందా? పాత తూటాల ప్రైమర్ మందు కాలాక లోపల ఉప్పు మిగులుతుంది. మన సముద్రపు గాలి తేమకి ఆ ఉప్పే బ్యారెల్‌ను తినేస్తుంది. బయట తళతళలాడి లోపల గుల్లగా ఉండేవి అందుకే. చేయకూడని పని ఒకటుంది. అమ్మే ముందు ‘అందంగా ఉంటుంది’ అని ఇసుక కాగితంతో రుద్ది, వార్నిష్ కొట్టడం. ముద్రలు అరిగిపోతే సేకరణకర్త దృష్టిలో ధర కూడా అరిగిపోయినట్టే. అసలు ఈ పరీక్షలేవీ ఇంట్లో చేసేవి కావు. లోపల తూటా ఉండొచ్చు. డీలర్ దగ్గరో, పోలీసు ఆర్మరర్ ముందో చూడాలి.

‘అల్లూరి తుపాకీ’ అంటే?

ఈ జిల్లాలో ప్రతి పాత తుపాకీ వెనకా ఓ కథ వినిపించవచ్చు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లపై అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు పట్టుకెళ్లింది. ఏమేం తీసుకెళ్తున్నారో రాసి మరీ వెళ్లారు. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ‘మా తాతకు దళం ఇచ్చింది’ అన్న మాట ఎంత గర్వంగా ఉన్నా, తుపాకీ నంబర్ అప్పటి రికార్డుతో కలిస్తే తప్ప ఆ మాటకు ఒక్క రూపాయి కూడా పెరగదు. కలిసిందనుకోండి, అప్పుడది పోలీస్ స్టేషన్ సొత్తు. అమ్మే హక్కు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్యకు వాడిన ఇటలీ సర్‌ప్లస్ రైఫిల్ 1963లో పోస్టులో టెలిస్కోప్‌తో సహా 19.95 డాలర్లకే దొరికింది. ఆ తర్వాత దానికి ఎంతైనా ఇచ్చేవాళ్లున్నా బజారుకు రాలేదు, ప్రభుత్వ ఆర్కైవ్స్‌లోనే ఉండిపోయింది.

బాగుచేసినా పేలని పాతకాలపు తుపాకీకి మాత్రం ఆయుధ చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. పేలుతుందా లేదా అన్నది ఇంట్లోవాళ్లు తేల్చేది కాదు, నిపుణుడు చూడాలి. ఇక వందేళ్లు దాటిన వస్తువు పురావస్తు చట్టం కిందకి వచ్చే అవకాశం ఉంది కాబట్టి, విదేశీ సేకరణకర్తకు పంపేద్దామన్న ఆలోచనా కుదరదు.

లైసెన్స్ ఉన్న తుపాకీ అమ్మాలంటే ఇద్దరు ముగ్గురు డీలర్లను అడిగి, వాళ్లు నిజంగా ఇచ్చే మొత్తాన్నే విలువగా రాసుకోవాలి. ఆన్‌లైన్‌లో కనిపించేది అమ్మేవాడి ఆశ మాత్రమే. లైసెన్స్ ఉన్న వ్యక్తికి నేరుగా అమ్మేటప్పుడు కలెక్టర్‌కు లేదా దగ్గర్లోని స్టేషన్‌కు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ తేదీ నుంచి కనీసం 45 రోజులు గడిచాకే తుపాకీ చేతులు మారాలి.