సంఖ్య పాత్ర మారినప్పుడు

పుట్టెడు ధాన్యాన్ని మానికలో పోయబోతే నేలపాలవుతుందని మనమందరమూ ఎరుగుదుము. కంప్యూటర్‌లో సంఖ్యలను నిలువచేసే చోట్లు సైతం అటువంటి పాత్రలే. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కొలత ఉన్నది. పెద్ద పాత్రలోని సంఖ్యను చిన్న పాత్రలోకి మార్చేటప్పుడు ఎంతటి జాగరూకత అవసరమో ఐరోపా దేశాల రాకెట్టు చరిత్రలోని ఒక ఘట్టం తెలుపుతున్నది.

1996వ సంవత్సరం జూన్ 4వ తేదీన, దక్షిణ అమెరికా తీరాన ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రంనుండి ‘ఏరియాన్-5’ రాకెట్టు మొట్టమొదటిసారిగా పైకి లేచింది. సూర్యునినుండి వెలువడే కణప్రవాహానికీ భూమి అయస్కాంత క్షేత్రానికీ గల సంబంధాన్ని పరిశీలించవలసిన నాలుగు ‘క్లస్టర్’ ఉపగ్రహాలు అందులో ఉన్నాయి. సుమారు 40 సెకనులకు, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున, రాకెట్టు దారి తప్పి, విరిగి, పేలిపోయింది.

గణితవేత్త జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం జూలై 19న నివేదిక సమర్పించింది. రాకెట్టు గమనాన్ని కనిపెట్టే పరికరంలోని ప్రోగ్రాం, అడ్డుదిశ వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల దశాంశ సంఖ్యనుండి 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చబోయింది. ఆ చిన్న పాత్రలో 32,767కు మించినది ఇమడదు. విలువ అంతకు మించింది. పరికరం పని మానుకొన్నది. అదే ప్రోగ్రాంతో నడిచే రెండవ పరికరం అదే కారణాన అప్పటికే ఆగిపోయింది. పరికరం పంపిన దోషసూచనను ప్రధాన కంప్యూటర్ ప్రయాణ వివరమని భ్రమించి ఇంజన్ల ముఖాలను ఒక్కసారిగా ప్రక్కకు తిప్పివేసింది.

ఇంజనీర్లు ఈ ప్రమాదాన్ని బొత్తిగా ఎరుగనివారు కారు. ప్రమాదావకాశమున్న ఏడు విలువలలో నాలుగింటికి రక్షణ కల్పించారు. కంప్యూటర్‌పై భారం పెరుగరాదని మూడింటిని విడిచిపెట్టారు. ప్రోగ్రాం పాత ‘ఏరియాన్-4’ కొరకు వ్రాసినది. ఆ రాకెట్టు వేగాన్నిబట్టి వారి అంచనా సరియైనదే. కొత్త రాకెట్టు ఆరంభదశలోనే అడ్డుదిశలో ఎంతో అధిక వేగాన్ని అందుకొంటుంది. అంచనాను మాత్రం ఎవరూ తిరిగి కొలిచి చూడలేదు. పైగా ఆ గణన రాకెట్టు నేలవిడిచిన తరువాత ఎందుకూ అక్కరకు రానిది!

పోయిన ఉపగ్రహాల స్థానే చేసిన నాలుగింటిని 2000వ సంవత్సరంలో రష్యన్ సోయజ్ రాకెట్లు కక్ష్యలో చేర్చాయి. ఏరియాన్-5 కూడా లోపం సవరించుకొని 2023 వరకు సేవచేసింది.

నేడు లక్షల సంఖ్యల వరుసను ఒకే ఆజ్ఞతో చిన్న రూపంలోకి మార్చగలుగుతున్నాము. పలు ప్రోగ్రాం భాషలలో సంఖ్య ఇమడకున్నా హెచ్చరిక రాదు. తప్పుడు విలువ మౌనంగా నిలిచిపోతుంది. కనుక మార్చబోయే ముందు ఆ వరుసలోని అతిపెద్ద, అతిచిన్న విలువలను పాత్ర కొలతతో పోల్చిచూడటం, పని మారినప్పుడెల్లా తిరిగి పోల్చిచూడటం విజ్ఞుల కర్తవ్యం.