రాక్షసిబల్లి బొమ్మల పుస్తకం – మన గోదావరి కథ



ఈ రోజుల్లో పసిపిల్లలున్న ఏ ఇంటికి వెళ్ళినా ఒక డైనోసార్ బొమ్మల పుస్తకం కనిపిస్తోంది. అట్ట చిరిగి, అంచులు నమిలేసి, పేజీల మధ్య అన్నం మెతుకులు అంటుకుని ఉంటుంది. ఇంకా అక్షరాలు దిద్దని పిల్లవాడు కూడా మనకు నోరు తిరగని పేర్లు గడగడా చెప్పేస్తాడు. మనం మురిసిపోతాం. కానీ వాడు, “అమ్మా, ఇవి మన ఊళ్ళో ఉండేవా?” అని అడిగితే మాత్రం, “లేదు నాన్నా, అవన్నీ ఎక్కడో అమెరికాలో” అనేసి, పోపు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోతాం. ఆ జవాబు సరైనది కాదండీ. ఆ పుస్తకంలోని కథలో మన గోదావరికీ, మన కొల్లేటికీ కూడా వాటా ఉంది. అదేమిటో నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు ఈ పేరు సంగతి. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు గ్రీకు మాటలు రెండు కలిపి ‘డైనోసార్’ అని పేరు పెట్టాడు. భయంకరమైన బల్లి అని దాని అర్థం. మనవాళ్ళు ‘రాక్షసిబల్లి’ అన్నారు. ఎంత చక్కగా కుదిరిందో చూడండి! తమాషా ఏమిటంటే, అది బల్లి జాతి కాదు. ఆ మాట చివర్లో చెబుతాను.

1854లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ తోటలో ఈ జంతువుల నిలువెత్తు బొమ్మలు నిలబెట్టారు. జనం విరగబడి చూశారు. అందులో ఇగ్వానోడాన్ అనే దానికి ముక్కు మీద కొమ్ము పెట్టారు. 1878లో బెల్జియంలోని ఒక బొగ్గుగనిలో దాని అస్థిపంజరాలు నిండుగా దొరికాయి. అప్పుడు తేలిందేమిటయ్యా అంటే, అది ముక్కు మీది కొమ్ము కాదు, చేతి బొటనవేలి ముల్లు! అంటే, దొరికిన ఎముక నిజం, గీసిన బొమ్మ ఊహ. ఈ తేడా మనం గుర్తుంచుకుంటే పిల్లలకు చెప్పడం తేలిక.

ఇక మన సంగతికి వద్దాం. పోచంపల్లి అనగానే మనకు చీరలు గుర్తొస్తాయి. నేను చెప్పేది ఆ పోచంపల్లి కాదు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది కదా, ఆ అవతలి ఒడ్డున మహారాష్ట్రలో సిరొంచ ఉంది. ఇళ్ళల్లో తెలుగు వినిపించే ప్రాంతమే. అక్కడొక పోచంపల్లి ఉంది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌వారు, లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్‌సన్ అనే శాస్త్రజ్ఞురాలి ప్రోత్సాహంతో ఈ లోయను గాలించారు. అవునండీ, ఈ పనికి దారి చూపినవారిలో ఒక స్త్రీ ఉంది! 1961లో అక్కడ తవ్వితే, సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి. ఒక్క తొడ ఎముకే ఐదున్నర అడుగులు. అంటే మనలో చాలామంది ఎత్తు కంటే ఎక్కువ!

అది రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం. బెంగాలీలో ‘బొడో’ అంటే పెద్ద, ‘పా’ అంటే కాలు. అలా ‘బరపాసారస్ టాగోరీ’ అయింది. 1975లో ఆ పేరు శాస్త్ర గ్రంథాలకెక్కింది. 1977లో కలకత్తాలో ఆ అస్థిపంజరాన్ని నిలబెట్టారు. సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటిది, ఆకులలములు తినే సాధుజంతువు. అన్ని ఎముకలు దొరికినా తలకాయ మాత్రం దొరకలేదు. కొన్ని పళ్ళు దొరికాయంతే. కనుక ఏ పుస్తకంలోనైనా దాని ముఖం చూస్తే, అది బొమ్మ వేసినవారి ఊహేనని పిల్లలకు చెప్పవచ్చు.

దానికి చుట్టం కోటసారస్. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలను పరిశీలించి, 1988లో జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరిగారు దానికి పేరు పెట్టారు. సుమారు 30 అడుగుల పొడవు. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో దాని అస్థిపంజరం నిలబడి ఉంది. బిర్లామందిరం చూసి వెనక్కి తిరిగి వచ్చేసేవాళ్ళు, ఈసారి పక్కనే ఉన్న దీన్ని కూడా పిల్లలకు చూపించండి.

“అదెక్కడో ఎగువన, మనకేమిటి?” అంటారేమో. ఆ లోయ మీదుగా వచ్చిన గోదావరే ఏలూరు కాలవై, నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా మన ఏలూరు చేరుతోంది. మన పొలాలు ఆ నది తెచ్చిన ఒండ్రుమట్టే. అయితే కొల్లేటి నేల కొత్తది, కొన్ని వేల ఏళ్ళదే. అందుకే ఇక్కడ ఎంత తవ్వినా డైనోసార్ దొరకదు.

కానీ వాటి చివరి రోజుల గుర్తు మాత్రం మనకు దగ్గరలోనే ఉంది. తాడేపల్లిగూడేనికి ఉత్తరాన దేవరపల్లి, కొవ్వూరు మెట్టలో గౌరీపట్నం, దుద్దుకూరు, పంగిడి నల్లరాతి క్వారీలున్నాయి కదా! సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట, పడమటి కనుమల వైపు భూమి బద్దలై పొంగిన లావా వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడ గడ్డకట్టింది. అదే ఆ నల్లరాయి. రాతి పొరల మధ్య సముద్రపు గుల్లలు కూడా దొరుకుతాయి. డైనోసార్లు అంతరించింది కూడా ఆ కాలంలోనే. అప్పుడే మెక్సికో దగ్గర పెద్ద ఉల్క పడింది. ఉల్కది ఎంత పాపం, లావాది ఎంత పాపం అని శాస్త్రజ్ఞులు వాదించుకుంటూనే ఉన్నారు. మన రోడ్ల మీద, డాబాల శ్లాబుల్లో వేసే కంకరలో అంత కథ ఉంది!

ఇప్పుడు చివర్లో చెబుతానన్న మాట. డైనోసార్లు పూర్తిగా పోలేదు. 1996లో చైనాలో ఈకల గుర్తులతో ఒక డైనోసార్ బయటపడింది. ఆ తరవాత అలాంటివి ఎన్నో దొరికాయి. వాటిలో ఒక శాఖే పక్షులై మిగిలింది. అంటే కొల్లేటి గూడబాతు డైనోసార్ సంతానమన్నమాట!

ఆ గూడబాతుల చరిత్ర మన కళ్ళెదుటిదే. 1946లో కె.కె. నీలకంఠన్‌గారు కొల్లేటి ప్రాంతంలో అవి గూళ్ళు కట్టుకునే చోటు చూసి లోకానికి తెలియజేశారు. అప్పుడు దాదాపు 3,000 పక్షులుండేవి. 1975 ప్రాంతానికి ఒక్క గూడూ లేదు. ఉల్క పడలేదు, లావా పొంగలేదు, మన ముందే మాయమైపోయాయి. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు మళ్ళీ పిల్లల్ని చేస్తున్నాయి. కోట్ల ఏళ్ళ కిందటి వాటిని మనం కాపాడలేం. వీటిని కాపాడగలం.

కనుక సోదరీమణులారా, బొమ్మల పుస్తకం కొనేటప్పుడు కోరలూ రక్తమూ ఉన్నది కాకుండా, ఈకలున్న కొత్త బొమ్మలూ, మేత మేసే సాధుజంతువులూ ఉన్నది ఏరుకోండి. పసివాళ్ళు రాత్రి భయపడకుండా పడుకుంటారు. బరపాసారస్, కోటసారస్ ఆ పుస్తకంలో లేకపోతే, ఒక తెల్లకాగితం మీద మీరే బొమ్మ వేసి మధ్యలో పెట్టండి. తల ఎలా ఉండాలో పిల్లల్నే వెయ్యమనండి, ఎవరూ చూడలేదు కనుక తప్పనేవారు లేరు. చలికాలంలో ఒక ఆదివారం పులిహోర కట్టుకుని ఆటపాక తీసుకెళ్ళండి. “ఇవి మన ఊళ్ళో ఉండేవా?” అని మళ్ళీ అడిగితే, ఆకాశంలోకి చూపించి, “ఇదిగో, ఇప్పటికీ ఉన్నాయి” అని చెప్పండి.