బయటికి రాని గాలి లెక్క

1846లో లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ తన స్పైరోమీటర్ ఫలితాలు ప్రచురించాడు. నీళ్లలో బోర్లించిన పాత్రలోకి మనిషి గొట్టంతో ఊదితే పాత్ర పైకి లేచేది. నావికులు, పోలీసులు, మల్లయోధులు, ఇలా రెండు వేలమందికి పైగా ఊదించాడు. నిండా పీల్చి పూర్తిగా వదిలిన గాలికి వైటల్ కెపాసిటీ అని పేరుపెట్టాడు. ఎత్తునుబట్టి అది పెరుగుతుందని, క్షయ రోగుల్లో తగ్గుతుందని చూపాడు.

అయితే ఆస్తమాలోనూ అది తగ్గవచ్చు. శ్వాసనాళాలు ఇరుకైనాయా, ఊపిరితిత్తే కుంచించుకుపోయిందా? 1947లో పారిస్‌లో టిఫనో, పినెల్లి మొదటి సెకనులో వచ్చే గాలిని కొలవడంతో దారి దొరికింది. మొత్తం గాలిలో ఆ సెకను వాటా బాగా తగ్గితే ఇరుకు. వాటా సరిగా ఉండి మొత్తమే తగ్గితే కుంచింపు, అంటే రెస్ట్రిక్షన్, అనుకున్నారు.

ఇక్కడే పొరపాటుకు చోటుంది. ఎంత ఊదినా లోపల కొంత గాలి మిగులుతుంది, స్పైరోమీటర్‌కు అది అందదు. ఆ గాలి లోపలే చిక్కుకుని ఎక్కువైనా, రోగి సరిగా ఊదకపోయినా వైటల్ కెపాసిటీ తక్కువే కనిపిస్తుంది. మిగిలిన గాలిని 1800లోనే హంఫ్రీ డేవీ హైడ్రోజన్‌తో తన మీదే కొలుచుకున్నాడు. తర్వాత హీలియం పద్ధతి వచ్చింది. 1956లో ఫిలడెల్ఫియాలో డుబోయ్ బృందం మనిషిని మూసిన పెట్టెలో కూర్చోబెట్టి, పీడనంలో తేడాలనుబట్టి లెక్క తేల్చింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు అదే. మిగిలిన గాలి కూడా కలిపిన మొత్తం, అంటే టోటల్ లంగ్ కెపాసిటీ, తగ్గితేనే రెస్ట్రిక్షన్ రుజువైనట్టు. 1999లో వెలువడిన ఒక కెనడా అధ్యయనంలో, స్పైరోమెట్రీలో వైటల్ కెపాసిటీ తక్కువగా వచ్చినవారిలో సగం మందికి కూడా రెస్ట్రిక్షన్ నిర్ధారణ కాలేదు. వైటల్ కెపాసిటీ మామూలుగా ఉన్నవారిలో మాత్రం అది చాలా అరుదు.

రెస్ట్రిక్షన్‌కు కారణం మచ్చకట్టిన ఊపిరితిత్తా, బలహీనమైన కండరాలా అన్నది తేల్చడానికి 1915లో మరీ క్రోగ్ రూపొందించిన కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష నేటికీ తోడ్పడుతోంది.

తక్కువ అంటే ఎవరికన్నా తక్కువ? అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించిన శామ్యూల్ కార్ట్‌రైట్ నల్లజాతివారి ఊపిరితిత్తులు సహజంగానే లోపమైనవన్నాడు. ఆ ఊహ జాతినిబట్టి అంకెలు సవరించే అలవాటులో చాలాకాలం బతికింది. మన దేశంలోనూ యూరోపియన్ల అంకెల్లో కొంత శాతం కోసి పోల్చిన ల్యాబులు ఉన్నాయి. అలా ‘మామూలు’ గీతను దించితే నిజమైన జబ్బు దాని మాటున ఉండిపోవచ్చు. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతిని పక్కనబెట్టిన కొలతలను సిఫార్సు చేసింది.

మీ స్పైరోమెట్రీ రిపోర్టులో రెస్ట్రిక్షన్ అని ఉంటే, టోటల్ లంగ్ కెపాసిటీ కొలిచారా అని మీ డాక్టరును తప్పక అడగండి.