చిత్తశుద్ధి వొక్కటే చాలునా?

పీడిత జనం పక్షాన వేదికలెక్కి రాజకీయాలు మాట్లాడే పాదిరీలలో చిత్తశుద్ధి ఎంత, ఆత్మప్రచారం ఎంత? బ్రాడీపేటలో మా అధ్యయన గోష్ఠికి వచ్చే విద్యార్థి మిత్రులు తరచు వేసే ప్రశ్న యిది. ప్రశ్న సహజమే. కాని మనిషి అంతరంగంలోకి తొంగిచూసి జవాబు చెప్పబోతే మనం చరిత్ర విడిచి సోదె చెప్పినట్లవుతుంది. వెనకటి గుంటూరు జిల్లా చరిత్రలోనే యిందుకు తగిన వుదాహరణ వుంది.

ఫ్రెడరిక్ బూత్ టక్కర్ 1853లో బీహారులోని ముంగేరులో పుట్టిన ఆంగ్లేయుడు. ఐ.సి.యస్. వుద్యోగం వదులుకుని సాల్వేషన్ ఆర్మీలో చేరాడు. 1882లో కొద్దిమంది సహచరులతో బొంబాయిలో దిగాడు. కాషాయం కట్టాడు, చెప్పులు విడిచాడు, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. వీధుల్లో వూరేగింపులు తీసినందుకు 1883లో ప్రభుత్వం అతన్ని జైలుకు పంపింది. ఆ వేషం, ఆ పేరు, ఆ జైలు అన్నీ సంస్థకు ప్రచార సాధనాలైనాయి. అయితే యిదంతా బూటకమందామా? వుద్యోగం వదులుకోవటం నిజం. జైలూ నిజమే. చిత్తశుద్ధీ ప్రచారమూ వొకే మనిషిలో కలిసే వున్నాయి.

అదే టక్కరుకు 1913లో అదే ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ బంగారు పతకం యిచ్చింది. యీ ముప్ఫయి యేళ్ళలో మారింది మనిషి మనసా? కాదు. ప్రభుత్వంతో అతని సంస్థకున్న సంబంధం మారింది. 1908లో గోరఖ్‌పూరులో డోముల సెటిల్మెంటుతో మొదలుపెట్టి, 'నేరస్థ తెగలు' అని ప్రభుత్వం ముద్రవేసిన జనాన్ని కాపలా కాసే బాధ్యతను సాల్వేషన్ ఆర్మీ నెత్తికెత్తుకుంది. 1911 చట్టం ఆ పనిని మరింత విస్తరింపజేసింది. బాపట్ల, చీరాలల మధ్య ఎరుకలకోసం వెలిసిన స్టూవర్టుపురం దాని ఫలితమే. వూరికి పెట్టిన పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టుది.

యీ ఎరుకలు ఎవరు? పశువులమీద ఉప్పు వేసుకుని లోపలి వూళ్ళకు పోయి, ధాన్యంతో తిరిగివచ్చిన సంచార వర్తకులు. రైళ్ళు, ఉప్పుమీద ప్రభుత్వ పెత్తనం, అడవి చట్టాలు కలిసి వాళ్ళ బతుకుతెరువు పోగొట్టాయి. బతుకుతెరువు పోయినవాళ్ళను పుట్టు దొంగలని చట్టం రాసుకుంది. ఆ రాతను టక్కరు ప్రశ్నించలేదు. నేరం వొక రోగమైనట్లు, తాను దానికి వైద్యుడైనట్లు 'క్రిమినోక్యురాలజీ' అని పుస్తకమే రాశాడు. వైద్యుడి కీర్తికి రోగి కావాలి కదా! సెటిల్మెంటులో బడి పెట్టారు, సాగుభూమి చూపారు. అది కాదనరాదు. కాని పూటపూటా హాజరు, గడప దాటితే పాసు. చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి అక్కడినుంచే కూలీలు పోయారు. పారిపోవటానికి వీల్లేని కూలీ కంపెనీకి చవక.

ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. 1991లో వచ్చిన సినిమాల పేర్లలో సైతం స్టూవర్టుపురమంటే దొంగల వూరే.

కనుక మిత్రులారా, పాదిరీ గుండెను తూచవద్దు. అతడు ఎవరి తరపున మాట్లాడుతున్నాడో ఆ జనానికి అతన్ని కాదనే హక్కు వున్నదా, వాళ్ళ శ్రమ ఎవరి లెక్కలో జమ అవుతున్నది అని అడగండి. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనల్నికూడా యిదే ప్రశ్న అడగండి. మన వేదికలమీద స్టూవర్టుపురంవాళ్ళు ఎన్నిసార్లు మాట్లాడారు?