నెవాటీము: కేరళ యూదుల సహకార గ్రామము

ఇజ్రాయేలు దేశపు దక్షిణభాగమున, బేర్షెబా పట్టణమునకు చేరువగా, నెగెవ్ ఎడారిలో నెవాటీము అను చిన్న పల్లె కలదు. 1954లో దానిని మరల నెలకొల్పినవారు కొచ్చి సీమనుండి వలసపోయిన యూదులు. వారి ఇంటి భాష మలయాళము. అందుచేత ద్రావిడ భాషాభ్యాసకులకు ఈ పల్లె చరిత్ర పరాయిది కాదు.

మొదట 1946 అక్టోబరున ఒక్క రాత్రిలో నెగెవ్‌లో వెలసిన 11 స్థావరములలో ఇది యొకటి. అప్పుడది ఆస్తియంతయు ఉమ్మడిగా గల కిబ్బుట్సు. ఏటా సుమారు 200 మిల్లీమీటర్ల వానకంటె ఎఱుగని ఆ నేలపై అది నిలువలేదు. 1948 యుద్ధకాలమున ఆ సీమలోని బెడూయిన్ అరబ్బులు పెక్కురు స్థానభ్రష్టులైరి. నెగెవ్ పల్లెల చరిత్ర వ్రాయువారు దీనిని విడుచుట న్యాయము కాదు.

భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బానునకు ఇచ్చిన తామ్రశాసనము సుమారు క్రీ.శ. 1000 నాటిది. కేరళమున యూదుల ప్రాచీనతకు అంతకంటె సాక్ష్యమక్కరలేదు. అయితే వారిలో పెక్కురు వర్తకులు, చిల్లర వ్యాపారులు. నాగలి పట్టినవారు అరుదు. పైగా బోదవ్యాధి భయముచే ఇజ్రాయేలు అధికారులు వారి రాకను కొంతకాలము ఆపిరి. తుదకు వచ్చినవారిని పెక్కుమందిని సేద్యపుపల్లెలకే పంపిరి.

ఈ పల్లెలు 'మొషావ్' పద్ధతివి. తూర్పు ఐరోపా వలసదారుల ఆలోచననుండి పుట్టిన ఆ పద్ధతికి 1921లో వెలసిన నహలాల్ తొలి నమూనా. ప్రతి కుటుంబమునకు వేఱు కమతము. విత్తనము, ఎరువు కొనుటయు పంట అమ్ముటయు సంఘముద్వారా. నేల సొంతము కాదు, కౌలుది.

చట్రము పైనుండి వచ్చినది కావున సహకారమును కొచ్చివారు అచ్చటనే నేర్చిరని తలంచుట పొరపాటని మా అభిప్రాయము. కేరళమున ఒక్కొక్క ప్రార్థనామందిరమునకు 'యోగము' అను సభ యుండెడిది. మందిరపు ఆస్తియు సంఘ వ్యవహారములును దాని చేతిలోనివి. పదిమంది కూడి నిర్ణయించుట, నిర్ణయమునకు లోబడుట వారికి తరతరములుగా అలవాటు. కొత్తగా నేర్వవలసినది సేద్యమే. ఆశయబలముతో వచ్చిన తొలివారు విడిచిన చోట, బంధువర్గముతో వచ్చినవీరు నిలిచిరి.

1980ల నాటి అప్పుల సంక్షోభమున ఇజ్రాయేలులోని మొషావుల ఉమ్మడి వ్యవస్థ మిక్కిలి సడలినది. యోగమునుండి వచ్చిన కూడిక మాత్రము పెండ్లిపాటలయందు కానవచ్చును. కొచ్చి యూదస్త్రీలు చేతివ్రాత పుస్తకములలో దాచుకొన్న ఆ మలయాళ గీతములు వలసదారులతో ఇజ్రాయేలు చేరినవి. హీబ్రూ పదములు కలసిన వాటి భాష ద్రావిడ భాషాశాస్త్రజ్ఞుల పరిశీలనకు ఎంతయు తగినది.