చదువు విలువ తెలియక కాదు: మన గూడేల్లో బడి ఎంచుకున్న కథ



ఎండాకాలం సెలవులకు ఇంటికి పోతే మమ్మల్ని అందరూ అడిగే మాట ఒకటే: "చిన్నోడిని ఏ బడిలో వేద్దాం?" హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం కాబట్టి మాకు అన్నీ తెలుసని ఇంట్లోవాళ్ల నమ్మకం. మేము కూడా ఆలోచించకుండా "గురుకులంలో వేయండి" అంటాం. ఇంకోపక్క ఏ మీటింగులోనో ఒక పెద్దసారు "మీ అమ్మానాన్నలకు చదువు విలువ తెలియదు, అందుకే వెనకబడ్డరు" అంటే తల ఊపుతాం. ఈ రెండూ తప్పే అని ఇప్పుడు అనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే మన ఆదిలాబాద్ చరిత్రలోకి కొంచెం వెనక్కి పోవాలి.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన సంగతి మనకు తెలుసు. ఆ పోరాటం తర్వాతే నిజాం సర్కారుకు గోండుల బాధ ఏందో తెలుసుకోవాలని తోచింది. ఆ పని మీద వచ్చిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో మనవాళ్ల మధ్యే ఉన్నాడు. 1943లో ఆ మార్లవాయిలోనే గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. అప్పటికి అక్షరం వచ్చిన గోండులు చాలా తక్కువ. ఆ కొద్దిమందినే తయారుచేసి గూడేలకు పంతుళ్లుగా పంపిండ్రు. మొదటి వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో వచ్చాయి.

దీన్ని ఒక తల్లిదండ్రుల వైపు నుంచి చూడండి. అంతవరకు కాగితం పట్టుకొని గూడేనికి వచ్చినవాళ్లు ఎవరు? పట్వారీ, ఫారెస్టు జవాను, షావుకారు. కాగితం వచ్చిందంటే భూమి పోయినట్టే, లేదంటే జుల్మానా పడ్డట్టే. అలాంటి చోట పిల్లాడిని కాగితం దగ్గరికి పంపడానికి భయపడరా? పంతులు మన మనిషి, మాట మన మాట అయ్యేసరికి ఆ భయం తగ్గింది. పిల్లలు బడికి వచ్చిండ్రు. అంటే మారింది బడి, మన తాతల బుద్ధి కాదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బడి భాష తెలుగు అయింది. ఇంట్లో గోండి, కొలామి, సంతలో మరాఠీ వినే పిల్లాడికి అది కొత్త భాష. అ ఆలు దిద్దడానికి ముందు పంతులు ఏమంటున్నాడో అర్థం కావడానికే ఏడాది పట్టేది. పిల్లాడు రెండు నెలలు పోయి మానేస్తే రిజిస్టరులో "డ్రాపౌట్" అని రాసిండ్రు. భాష సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2004లో, గోండి, కోయ, కొలామి, కువి, సవర లాంటి 8 భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టిండ్రు. మొదలైతే అయింది గాని అన్ని గూడేలకూ చేరలేదు.

ఇక ఆశ్రమ పాఠశాలలు. ఉట్నూరులో ఐటీడీఏ వచ్చాక, 1970ల నుంచి, ఇవి మన ఇండ్లలో పెద్ద విషయం అయినయి. బడి, బువ్వ, బట్ట, పడక అన్నీ ఒక్కచోటే. ఇక్కడి నుంచే "ఏ బడి" అన్న ప్రశ్న నిజంగా మొదలైంది. దానికి ముందు ఉన్న ప్రశ్న "బడా, పనా" అన్నదే.

మాలో ఒకరి ఇంటి సంగతి చెప్తాం. ముగ్గురు పిల్లలు. పెద్దోడిని ఆశ్రమ పాఠశాలకు పంపిండ్రు. అది మంచి బడి అని కాదు, మేనమామ కొడుకు అప్పటికే అక్కడ ఆరో తరగతి చదువుతున్నడని. జ్వరమొస్తే చూసే మనిషి ఒకడు ఉండాలె కదా. ఆడపిల్లను కస్తూర్బాకు పంపిండ్రు. అక్కడ టీచర్లు ఆడవాళ్లు, చుట్టూ ప్రహరీ గోడ ఉన్నదని అమ్మ స్వయంగా పోయి చూసి వచ్చింది. నడిపోడు ఊరి బడిలోనే ఉండిపోయిండు. ఎడ్లు కాయాలె, పత్తి ఏరే రోజుల్లో చేతికి రావాలె. ఐదో తరగతి తర్వాత ఊర్లో బడి లేదు. మధ్యలో వాగు ఉంది, వానాకాలం దాటలేం. అతని చదువు అక్కడే ఆగింది.

ఇప్పుడు పెద్దోడు మాతో పాటు డిగ్రీ చదువుతున్నడు. ఇంటికి పోయినప్పుడు తమ్ముడు బస్సు కాడికి బండి తోలుకొని వస్తడు, బియ్యం మూట వాడే మోస్తడు. "నేను తెలివైనోణ్ణని పంపలేదు, ముందు పుట్టిన్నని పంపిండ్రు" అని ఒక రాత్రి మా రూములో అన్నడు. ఆ రోజు ఎవరమూ ఏం మాట్లాడలేదు. మా అందరి ఇండ్లలోనూ అలాంటి ఒక తమ్ముడో, అక్కనో ఉన్నరు.

చదువు విలువ తెలియని ఇల్లా అది? ముగ్గురినీ పంపే తాకత్ లేనప్పుడు ఎవరిని, ఎక్కడికి, ఎవరి భరోసాతో పంపాలో లెక్క వేసిన ఇల్లు అది.

తర్వాత గురుకులాలు పెరిగినయి, 1990ల చివర ఏకలవ్య పాఠశాలలు వచ్చినయి. సీటు కోసం పరీక్ష రాయాలె, కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ కావాలె. ప్రైవేటు బడిలో సర్కారు ఫీజు కట్టే పథకంలోనైతే లాటరీలో పేరు రావాలె. ఇక్కడ ఇంకో మార్పు జరిగింది, మనం అంతగా గమనించలేదు. ఇదివరకు ఇల్లు బడిని చూసి ఎంచుకునేది. ఇప్పుడు బడి పిల్లాడిని ఎంచుకుంటోంది. సీటు రాని పిల్లాడు ఊరి బడిలో మిగులుతడు. చురుకైన పిల్లలు పోయేసరికి సంఖ్య తగ్గి, ఆ బడికి ఒక్క టీచరే దిక్కు అవుతడు. కిలోమీటరు లోపల ప్రాథమిక బడి ఉండాలని విద్యాహక్కు చట్టం నిబంధనలు చెప్తున్నయి. దగ్గర ఉన్నంత మాత్రాన నమ్మకం రాదు కదా.

నమ్మకం సంగతి వచ్చింది కాబట్టి జీవో 3 గుర్తు చేసుకోవాలె. 2000 సంవత్సరంలో వచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దీన్ని మనం ఎక్కువగా ఉద్యోగాల లెక్కలోనే మాట్లాడుతున్నం. కానీ మార్లవాయి నుంచి చూస్తే ఇది బడి ఎంపిక సంగతి కూడా. మన భాష తెలిసిన టీచరు ఉన్న బడికి మన అమ్మలు ధైర్యంగా పంపుతరు.

గురుకులం వద్దు అని మేము అనడం లేదు. హాస్టళ్లే లేకపోతే మేము ఈ రెండు ముక్కలు కూడా రాసేవాళ్లం కాదు. కానీ మాలో కొందరం ఐదో తరగతిలో ఇల్లు విడిచినం. దండారి పాటలు సగమే వచ్చు. అవ్వ గోండిలో అడిగితే తెలుగులో జవాబు చెప్తున్నం. ఈ ధర కూడా లెక్కలో ఉందని తమ్ముళ్ల ఇంట్లో ఎవరు చెప్పాలె? మనమే.

అందుకే ఈసారి అడిగితే వెంటనే ఒక బడి పేరు చెప్పవద్దని అనుకున్నం. ఆ బడిలో మన పిల్లలు ఎవరున్నరు, జ్వరమొస్తే ఎవరు చూస్తరు, ఇంటికి ఫోను చేయనిస్తరా, పిల్లాడికి పోవాలని ఉందా అని ముందు అడుగుదాం. వీలైతే అమ్మను వెంటబెట్టుకొని పోయి చూద్దాం.

ఇంకో పని. మీ ఇంట్లో మొదట బడికి పోయింది ఎవరు, వాళ్లనే ఎందుకు పంపిండ్రు, ఎవరు ఆగిపోయిండ్రు అని తాతను, అవ్వను అడిగి రాసి పెట్టుకోండి. ఆగిపోయినోళ్ల పేర్లు ముందు రాయండి.

జై ఆదివాసీ.